మా మరిది అప్పు

ఆ వేసవిలో మా ఇంటికి ఫోన్లు వచ్చింది నా మూలంగా. తిట్లు తిన్నది మా మరిది. ఈ రెండు ముక్కలూ ఒకచోట చేర్చి చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మా ఆయన స్కూలు బస్సు నడుపుతారు. సెలవులొచ్చాయంటే బస్సు షెడ్డులోకి, జీతం సగానికి. "పిల్లలకి సెలవులు, మనకి ఉపవాసాలు" అని మా అత్తయ్య ఏటా అనే మాటే. ఏటా ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. ఆ ఏడు మాత్రం నా దగ్గర ఒక గుట్టు ఉంది.

అది నా పళ్ళ గుట్టు. నా ముందు పళ్ళు రెండూ ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉండేవి. పక్కది చిన్నప్పుడు కొళాయి దగ్గర జారిపడితే సగానికి విరిగింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా పెట్టుకునేదాన్ని. నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. లోపలి గదిలో కూర్చుని అద్దాలు ఫ్రేముల్లో బిగించడం నా పని. ఒకరోజు ఓనరు పిలిచి, "కౌంటర్లో అమ్మాయి మానేస్తోంది. నీకు మాటతీరుంది, జీతం కూడా పెంచుతాను. కానీ కస్టమరు ముందు అలా నోరు మూసుకుని నిలబడితే ఎలాగమ్మా?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని నేను పళ్ళ డాక్టరు దగ్గరికి పోయి పళ్ళు సరిచేయించుకున్నాను. ఆయన మా షాపు కస్టమరే. "తెలిసినవాడు కదా, ఏదో నామమాత్రంగా తీసుకున్నాడు" అని ఇంట్లో చెప్పాను. తెలిసినవాడన్నది నిజం. మిగతాదంతా అబద్ధం. అయింది నలభై వేలు. ఫోన్లోనే అప్పిచ్చే కంపెనీ ఒకటి ఉంటే దాంట్లో తీసుకున్నాను. టీ చల్లారేలోపు డబ్బు వచ్చిపడింది. ఇంట్లోవాళ్ళ నంబర్లు రెండు ఇమ్మంటే మా ఆయనదీ మరిదిదీ ఇచ్చాను. ఊరికే అడుగుతార్లే అనుకున్నాను.

కౌంటర్లోకి మారాను, జీతం పెరిగింది, నాలుగు నెలలు వాయిదాలు బాగానే కట్టాను. ఐదో నెల బేరాల్లేవని ఓనరు పెంచిన జీతం మళ్ళీ తగ్గించాడు. ఆ నెల వాయిదా కోసం అదే కంపెనీలో ఇంకో చిన్న అప్పు తీసుకున్నాను. దానికి ఫోటో కావాలన్నారు. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ తీసి పంపాను. అప్పు చేస్తూ అంత నవ్విన మనిషి ఇంకెవరూ ఉండరేమో.

ఆ తరవాత రెండు అప్పులూ కట్టలేకపోయాను. ఎండలు ముదిరేసరికి కంపెనీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

చేసేది ఒకడే. గొంతు మెత్తగా ఉండేది. "అక్కా, బాగున్నారా? భోంచేశారా?" అని మొదలుపెట్టేవాడు. మొదటి వారం నిజంగానే మంచివాడనుకున్నాను. రెండో వారం ఒక మధ్యాహ్నం, కౌంటరు దగ్గర ఒక పంతులుగారు ఫ్రేములు పెట్టి చూసుకుంటున్నారు. ఫోను మోగింది. ఎత్తకపోతే షాపు నంబరుకి చేస్తానని అంతకుముందే అన్నాడు. ఎత్తి చెవికి ఆనించుకున్నాను.

"అక్కా, మీ ఫోటో చూస్తూనే మాట్లాడుతున్నా. నవ్వు ఎంత బాగుందక్కా! దీనికింద ఒక్క మాట రాసి మీ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ పంపాననుకోండి, ఎంతమంది చూస్తారో కదా?"

"ఇది నాకు నప్పిందా అమ్మా?" అన్నారు పంతులుగారు అద్దంలోంచి.

"చాలా బాగుందండీ" అన్నాను.

"ఏం మాట రాయాలో మీరే చెప్పండక్కా" అన్నాడు వాడు. "దొంగ అని రాయనా? అంతకంటే పెద్దది రాయనా?"

పంతులుగారికి ఆ ఫ్రేము ఏమాత్రం నప్పలేదు. ఆయన అదే కొనుక్కుపోయారు.

ఆ తరవాత ఫోను మూగగా పెట్టేసి సంచిలో అడుక్కి తోసేదాన్ని. అయినా సంచిలో ఏదో కదిలినట్టే ఉండేది. ఒకరోజు తీసి చూస్తే మధ్యాహ్నంలోపు ముప్పై ఒక్కసార్లు చేసి ఉన్నాడు. ఇంట్లో చెబుదామని రోజూ అనుకునేదాన్ని. మా ఆయన సగం జీతంతో ఇల్లు నడపలేక కిందామీదా పడుతుంటే, పళ్ళకోసం నలభై వేలు తగలేశానని ఏ నోటితో చెప్పను?

మా మరిది గురించి చెప్పాలి. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. నేను కాపురానికొచ్చేసరికి వాడికి పదమూడేళ్ళు. జ్వరమొస్తే నా పక్కనే పడుకునేవాడు, లెక్కలు రాకపోతే నా దగ్గరే ఏడ్చేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుర్రతనంతో ఖరీదైన ఫోనొకటి, బండొకటి వాయిదాలమీద కొన్నాడు. ఫోను వాయిదాలు ఎగ్గొట్టాడు. ఇద్దరు మనుషులు గుమ్మంలోకొచ్చి అరిచారు. అత్తయ్య గాజులు రెండు ఆ గొడవలో కరిగిపోయాయి. అప్పట్నుంచి వాడు కుదురుగానే ఉన్నాడు, బండి వాయిదాలు నెల తప్పకుండా కట్టి తీర్చేశాడు. కానీ ఇంట్లో గ్లాసు పగిలినా అందరూ ముందు వాడివైపే చూసేవాళ్ళు.

అది ఆదివారం మధ్యాహ్నం. వాళ్ళు ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను. మా ఆయన ఫోను మోగింది. చేతికి ఎంగిలి అని ఎడమచేత్తో నొక్కి పక్కన పెట్టారు, మాట అందరికీ వినబడేలా.

"మీ ఇంట్లోవాళ్ళు అప్పు తీసుకుని మూడు నెలలుగా మొహం చాటేస్తున్నారు. మీరు తింటున్నది అన్నమేనా?"

ఆ గొంతు నాకు తెలుసు. మెత్తదనం ఒక్కటే లేదు. నా చేతిలో గరిటె కూర గిన్నెలోనే ఉండిపోయింది. తరవాతి మాట నా పేరే అయ్యుండాలి. కానీ మా ఆయన దాన్ని రానివ్వలేదు. ఫోను కట్టేసి తమ్ముడి వైపు తిరిగారు.

"ఒరేయ్! మళ్ళీ మొదలెట్టావట్రా?"

వాడు ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగాడు. తలెత్తి ఒక్కసారి నావైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. నీళ్ళ చెంబు ఎక్కడుందా అని చూసినంతసేపు.

"నాదే, అన్నయ్యా" అన్నాడు. "చూసుకుంటాను."

మా ఆయన కంచం ముందుకి తోసేశారు. అత్తయ్య తల కొట్టుకుంది. "కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? ఈసారి నా ఒంటిమీద ఏముందని అమ్ముతావురా? చెవులున్నాయి, కోసుకుపో" అంది. వాడు కంచంలో ఉన్నదంతా తిని, చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

నేను కూర గిన్నె మీద మూత పెట్టాను. తేలు కుట్టిన దొంగ అంటారే, అచ్చం అలా ఉన్నాను. అరవడానికి లేదు.

ఆ సాయంత్రం నాకు నేను ఒక మాట చెప్పుకున్నాను. వాడికీ ఏదో అప్పు ఉండే ఉంటుంది, లేకపోతే ఎందుకు ఒప్పుకుంటాడు? వాడికీ ఇలాంటి ఫోన్లు వస్తున్నాయేమో, అందుకే కంగారుపడి ఒప్పేసుకున్నాడేమో. ఈ మాటని నేను అటూ ఇటూ తిప్పి, మాసికలు వేసి, నమ్మేలా తయారుచేసుకున్నాను. సోమవారం నా ఫోను మోగలేదు. మంగళవారమూ మోగలేదు. ఎందుకు మోగలేదో తెలుసుకోకూడదనుకున్నాను. వాళ్ళకే విసుగొచ్చి ఉంటుందనుకున్నాను. అప్పులవాళ్ళకి విసుగు రావడం ఎక్కడైనా ఉందా? నేను మాత్రం నమ్మాను.

మా ఆయన తమ్ముడితో మాట్లాడటం మానేశారు. నాలుగోరోజు మాత్రం, "ఇంట్లో ఉండాలంటే అప్పు తీరేదాకా జీతం తెచ్చి నా చేతిలో పెట్టు" అన్నారు. వాడు, "అలా కుదరదన్నయ్యా" అన్నాడు. అంతే, సంచిలో బట్టలు సర్దుకున్నాడు. టైర్ల షాపు పైన గది ఒకటి చూసుకున్నాడు. గుమ్మం దాటుతూ, "వస్తా వదినా" అన్నాడు. నేను మంచిదనో ఏదో అన్నాను.

వారం తిరక్కుండా వాడి బండి కూడా పోయిందని తెలిసింది. అమ్మేశాడట, పనిముట్ల సంచి భుజాన వేసుకుని నడిచిపోతున్నాడట. ఈ కబురు మోసుకొచ్చింది పక్కింటావిడ. ఆవిడ పోయాక అత్తయ్య గోడకి ఆనుకుని కూలబడిపోయింది. అత్తయ్య నోటికి ఎదురు లేదని వీధంతా చెప్పుకుంటారు. అలాంటి మనిషి కొంగు కొన వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది.

"ఎక్కడ పెంపకం తప్పిందంటావు అమ్మాయ్?" అంది చివరికి. "పెద్దాడికి పెట్టిన తిండే పెట్టాను. వాడొకలా, వీడొకలా. నా కడుపున చెడబుట్టాడు."

అప్పుడైనా చెప్పొచ్చు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ అడిగింది నన్నే. నేను ఆవిడ పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "ఊరుకోండత్తయ్యా. ఈసారైనా బుద్ధి వస్తుందిలెండి" అన్నాను.

ఎవరూ అడక్కుండా అన్నాను. ఊరుకోండి అంటే సరిపోయేది. ఆ రెండో మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలీదు. గుర్తొచ్చినప్పుడల్లా, ఏ పని చేస్తున్నా చెయ్యి ఆగిపోతుంది.

కొన్నాళ్ళకి మా షాపున్న బిల్డింగులో లిఫ్టు చెడిపోయింది. బాగుచెయ్యడానికి వచ్చింది వాడే. రెండో అంతస్తు మెట్లెక్కి వస్తుంటే తెరిచిన తలుపుల మధ్య, నేలకి సమానంగా వాడి తల కనబడింది. లోపల, కిందికి ఆగిపోయిన లిఫ్టు డబ్బా మీద నిలబడి ఏదో బిగిస్తున్నాడు. మెడనిండా గ్రీజు. చొక్కా వదులైంది.

"చిక్కిపోయావేంటి?" అన్నాను.

"మెట్లెక్కీ దిగీ" అని నవ్వాడు. "లిఫ్టువాడికి లిఫ్టు ఉండదు వదినా. బాగైందంటే నాకు అక్కడ పనైపోయినట్టే."

నేను అక్కడే నిలబడ్డాను. వాడు స్పానరు పక్కన పెట్టి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. మెల్లగా, వేలు వేలూ తుడుచుకున్నాడు.

"నాకేమైనా చెప్పాలా వదినా?"

"ఏం లేదు" అన్నాను. "టీ తెప్పించనా?"

"వద్దులే" అని మళ్ళీ వంగి స్పానరు అందుకున్నాడు.

షాపులోకి వెళ్ళాక ఓనరు, "మీ మరిదే కదా? ఏవో అప్పుల గొడవల్లో ఉన్నాడట పాపం" అన్నాడు. అవునండీ అన్నాను. ఆ రోజు బేరాల్లేక లోపలి గదిలో కూర్చుని ఒక అద్దం ఫ్రేములో బిగిస్తూ బిగిస్తూ పగలగొట్టాను. పన్నెండేళ్ళలో అదే మొదటిది.

ఆ మధ్యాహ్నమే ఆ మెత్తని గొంతువాడికి నేనే ఫోను చేశాను. వాడు నన్ను వెంటనే గుర్తుపట్టాడు.

"అక్కా! చెప్పండక్కా. మళ్ళీ ఏమైనా లోను కావాలా?"

"నా అప్పు ఇంకా ఎంతుంది?"

"మీదేముందక్కా, అయిపోయింది కదా! మీ మరిదిగారు వచ్చి మొత్తం కట్టేశారు కదా. రెండూనూ. మీకు చెప్పలేదా? మీ ఆయనకి ఆదివారం చేశాను కదా, దానికి ముందురోజే మీ మరిదిగారికి చేశాను. మా వదినకి చెయ్యొద్దు, మా అన్నకి చెయ్యొద్దు, ఏదున్నా నాకే చెయ్యండని బతిమాలాడు. కానీ అక్కా, మా పద్ధతి మాకుంటుంది కదా, అందుకే అన్నగారికీ ఒక మాట చెప్పాను. ఏమీ అనుకోకండి. నా సర్వీసుకి ఐదు స్టార్లు ఇవ్వమని మెసేజి వస్తుంది, కాస్త ఇవ్వండక్కా."

నేను కుట్టి, మాసికలు వేసి దాచుకున్నదంతా ఒక్కసారి విడిపోయింది. శనివారమే వాడికి తెలుసు. ఆదివారం మధ్యాహ్నం నావైపు చూసింది తెలిసే చూశాడు.

ఇల్లు చేరేసరికి మొదటి వాన పడుతోంది. వారంలో స్కూళ్ళు తెరుస్తారని మా ఆయన యూనిఫాం చొక్కాకి గుండీలు కుట్టుకుంటున్నారు. అత్తయ్య కూరగాయలు తరుగుతోంది. నేను చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"ఆ అప్పు వాడిది కాదు. నాది."

"ఏ అప్పు?" అన్నారు మా ఆయన.

"వాడిదని మనం అన్న అప్పు. పళ్ళకోసం చేశాను. వాడు బండమ్మి తీర్చాడు."

అత్తయ్య నా నోటి వైపు చూసింది. ఏదో ఒక మాట అంటుందని, అన్నా బాగుండునని ఎదురుచూశాను. ఆవిడ కత్తిపీట పక్కకి జరిపింది.

"నేను వాణ్ణి అన్న మాటలన్నీ నువ్వు పక్కనే కూర్చుని విన్నావు కదే" అంది.

"అవునత్తయ్యా."

"బుద్ధి వస్తుందిలెండి అన్నావు."

"అవును."

ఆవిడ తరిగిన ముక్కలు గిన్నెలో వేసుకుని లోపలికి పోయింది. మా ఆయన సూది చొక్కాలోనే గుచ్చి పెట్టారు. గట్టిగా అరుస్తారనుకున్నాను. ఆయన అరవలేదు. "నాతో చెబితే ఏం చేసేవాణ్ణి? కొట్టేవాణ్ణా?" అన్నారు. జవాబు కోసం అడిగింది కాదది. గొడుగు కూడా తీసుకోకుండా బయటికి నడిచారు. చీకటి పడకముందే తిరిగొచ్చారు, తడిసి ముద్దయి, ఒక్కరే.

"క్షమించరా అన్నాను. ఫర్వాలేదన్నయ్యా అన్నాడు. ఇంటికి రారా అంటే మాత్రం, నాకు అక్కడ బాగానే ఉందన్నాడు."

మర్నాడు అత్తయ్య వెళ్ళింది. అంత మనిషి ఆ ఇరుకు మెట్లెక్కి కొడుకు గదిలో రోజంతా కూర్చుని వచ్చింది. వచ్చాక నాతో మాట్లాడింది, ఎప్పట్లాగే మాట్లాడింది. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావనీ, పాలవాడు వచ్చాడా అనీ. పెంపకం గురించి గానీ, పిల్లల గురించి గానీ నన్ను మళ్ళీ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నేను వెళ్ళింది ఆదివారం. కింద టైర్ల షాపు మూసి ఉంది. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. మంచం, స్టవ్వు, గోడకి వరసగా తగిలించిన పనిముట్లు. వాడు కుర్చీ నాకు వేసి తను మంచం అంచున కూర్చున్నాడు. ఆ నెల జీతంలోంచి తీసిన డబ్బు కవరులో పెట్టి ఇచ్చాను. ప్రతినెలా ఇంత తెస్తానన్నాను. వద్దంటాడనుకున్నాను. వద్దనలేదు. తీసుకుని దిండు కింద పెట్టాడు.

"ఎందుకు ఒప్పుకున్నావు?" అని అడిగాను. ఇంకేం మాట్లాడాలో తెలియక అదడిగాను.

వాడు దిండు సర్దాడు.

"అన్నయ్య నావైపు తిరిగినప్పుడు వదిన మొహం చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. ఒక్క పూట ఊపిరి తీసుకుంటుందిలే అనిపించింది, అనేశాను. అంతే, పెద్ద ఆలోచనేం లేదు. సాయంత్రానికి తనే చెప్పేస్తుందనుకున్నా." నన్ను ఎదురుగా పెట్టుకుని ఇంకెవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. "సాయంత్రం చూశాను. మర్నాడు చూశాను. లిఫ్టు దగ్గర అడిగాను కూడా."

"తప్పైపోయింది" అన్నాను.

"అప్పుదేముంది వదినా, ఎవరు చెయ్యరు? నేను చెయ్యలేదా?" అన్నాడు. "అమ్మ అలా అంటుంటే మీరు ఊరుకున్నారు, అదే."

పదమూడేళ్ళ వయసు నుంచీ వాడు నన్ను నువ్వనే అన్నాడు. జ్వరంలో అన్నాడు, కోపంలో అన్నాడు. మీరు అనడం అదే మొదలు. పొరపాటున వచ్చిందేమోనని ఇంకో మాట కోసం చూశాను.

వాన మళ్ళీ మొదలైంది. లేచాను. వాడూ లేచి తలుపు దాకా వచ్చాడు, మూల ఉన్న గొడుగు తీసి నా చేతికిచ్చాడు.

"మెట్లు తడిగా ఉన్నాయి వదినా. చూసి దిగండి, మీరు పడతారు" అన్నాడు.

సరేనన్నాను. జాగ్రత్తగానే దిగాను.